డోసిమీటరు సరే, వేసుకునేది ఎవరు?

"మేడం, డోసిమీటర్లు కొనాలి. ఏ కంపెనీది బాగుంటుంది? తక్కువలో ఏది వస్తుంది?"

ఒంటికి తగిలిన రేడియేషన్ మోతాదు, అంటే డోసు, కొలిచే పరికరమే డోసిమీటరు. ఆసుపత్రి పర్చేజ్ వాళ్లయినా, జీడిమెట్లలో వెల్డింగ్ జాయింట్లకి గామా ఫిల్ములు తీసే కాంట్రాక్టరయినా ఫోన్ చేస్తే అడిగేది ఇదే. "వేసుకునేది ఎవరండీ? ఏ పని మీద ఉంటారు?" అని నేను తిరిగి అడిగితే అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: "స్టాఫ్ అండీ, అందరికీ."

ఈ "అందరికీ" దగ్గరే నాకు పేచీ. హైదరాబాద్‌లో రేడియేషన్ మధ్య పనిచేసేవాళ్లంతా ఒక రకం కాదు. సోమాజిగూడలో క్యాథ్ ల్యాబ్ (ఎక్స్‌రేలో చూస్తూ గుండెకి యాంజియోలు చేసే గది) నర్సుకున్న ప్రమాదం వేరు, రాత్రి పూట పటాన్‌చెరు షెడ్డులో ఇరిడియం సోర్స్ (గామా కిరణాలు చిమ్మే చిన్న లోహపు ముక్క) తిప్పే కుర్రాడికున్న ప్రమాదం వేరు. మౌలాలి వైపు యురేనియం ఇంధనం తయారుచేసే చోట ఉన్నది ఇంకో రకం. ముగ్గురికీ ఒకే బ్యాడ్జి తగిలించి ఊరుకుంటే ముగ్గురిలో ఒక్కరికి కూడా పూర్తిగా న్యాయం చేసినట్టు కాదు.

డోసు ఎంతైందో ఎవరికి తెలియాలి, ఎంతసేపట్లో తెలియాలి అన్నది తేల్చుకున్నాకే పరికరం పేరు ఎత్తాలని నేనంటాను. మన దగ్గర వరస తలకిందులుగా నడుస్తోంది. రూల్ ఉంది కాబట్టి బ్యాడ్జి తెప్పిస్తారు, కాగితం ఫైల్లో పెడతారు, పనైపోయిందంటారు. దాంతో అందరికన్నా ప్రమాదంలో ఉన్నవాడికి అందరికన్నా ఆలస్యంగా జవాబు చెప్పే పరికరం దక్కుతోంది.

ముందు ఆ బ్యాడ్జి సంగతి. టీఎల్‌డీ బ్యాడ్జి అని అందరూ అనేది దీన్నే. ఛాతీ దగ్గర క్లిప్పుతో పెట్టుకుని ఏళ్ల తరబడి తిరిగేవాళ్లలో కూడా దాని లోపల ఏముందో చూసినవాళ్లు తక్కువ. (వేసుకునేవాళ్లు విప్పకూడదు, అది వేరే విషయం.) లోపల సన్నటి అల్యూమినియం కార్డు, దానికి మూడు గుండ్రటి బిళ్లలు. డిస్ప్రోసియం అనే మూలకాన్ని కొద్దిగా కలిపిన కాల్షియం సల్ఫేట్ పొడిని టెఫ్లాన్‌తో కలిపి చేసిన బిళ్లలవి. కార్డు పెట్టే ప్లాస్టిక్ కేసులో ఒక బిళ్ల మీదికి లోహపు ఫిల్టరు, రెండో దాని మీదికి ప్లాస్టిక్ ఫిల్టరు వస్తాయి. మూడో బిళ్ల ఎదుట ఖాళీ కిటికీ ఉంటుంది. మూడింటి రీడింగుల్లో తేడా చూసి తగిలింది ఎక్స్‌రేనా, గామానా, బీటానా అని లెక్కగడతారు. రేడియేషన్ తగిలినప్పుడు ఆ బిళ్ల కొంత శక్తిని తనలో దాచుకుంటుంది. మూడు నెలలకోసారి ల్యాబ్‌కి పంపితే అక్కడ వేడి చేస్తారు, ఆ శక్తి వెలుగుగా బయటికొస్తుంది. వెలుగు ఎంతుంటే డోసు అంత. ఒకసారి చదివాక బిళ్లలో లెక్క చెరిగిపోతుంది.

మన దేశంలో 1975 నుంచి పాత ఫిల్మ్ బ్యాడ్జీల స్థానంలోకి ఇవి వచ్చాయి. మన ఎండకీ ఉక్కపోతకీ ఫిల్ము మసకబారిపోయేది. ఈ బిళ్లలు అలా కావు, మొండివి. చవక కూడా. బ్యాటరీ అక్కర్లేదు. కిందపడినా పగలవు. లీగల్‌గా చెల్లే డోసు రికార్డు కూడా బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) గానీ దాని గుర్తింపు పొందిన ల్యాబ్ గానీ చదివిన బ్యాడ్జిదే. డోసుని అప్పటికప్పుడే చూపించే ఎంత ఖరీదైన ఎలక్ట్రానిక్ డోసిమీటరు కొన్నా దీన్ని మానేయడానికి లేదు. కొన్ని దేశాల్లో వాడే ఓఎస్‌ఎల్ బ్యాడ్జిలో వేడికి బదులు కాంతితో చదువుతారు, కావాలంటే మళ్లీ చదవొచ్చు. అది మంచి సదుపాయమే. అయినా మూడు నెలల తర్వాతే జవాబు చెప్పేదైతే దానికీ టీఎల్‌డీకీ నా దృష్టిలో పెద్ద తేడా లేదు.

అసలు చిక్కు ఆ మూడు నెలలే. టీఎల్‌డీ మన ఇంటి కరెంటు మీటరు లాంటిది. నెలంతా ఎంత కాలిందో నిజాయితీగా చెప్తుంది. షాక్ కొట్టినప్పుడు ట్రిప్ అవడం దాని పని కాదు, దానికి వేరే పరికరం పెట్టుకోవాలి. ఇంట్లో ఈ తేడా తెలియనివాళ్లు ఉండరు. పనిచేసే చోటికొచ్చేసరికి మాత్రం మీటరొక్కటి పెట్టి "సేఫ్టీ పెట్టాం" అంటున్నారు.

అంకెల్లో చూద్దాం. ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) పెట్టిన హద్దు ప్రకారం రేడియేషన్ వర్కరుకి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (డోసుని కొలిచే యూనిట్ ఇది), అంటే ఐదేళ్లలో 100 దాటకూడదు. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఇప్పుడు వెల్డింగ్ తనిఖీకి వాడే ఇరిడియం-192 సోర్సు తీసుకోండి. 20 క్యూరీల బలమున్న సోర్సు కవచం బయట ఉంటే, మీటరు దూరంలో నిలబడినవాడికి గంటకి దాదాపు 100 మిల్లీసీవర్టులు. ఏడాది మొత్తం కోటా 12 నిమిషాల్లో అయిపోతుంది. పది సెంటీమీటర్ల దూరానికి వస్తే వంద రెట్లు, అంటే నిమిషానికి 150 మిల్లీసీవర్టుల పైమాటే. చేత్తో పట్టుకుంటే లెక్క చెప్పడానికే మనసొప్పదు, వేళ్లు కాలిపోయే డోసు అది.

ఇలాంటి పనిలో ఉన్నవాడికి మూడు నెలల తర్వాత రిపోర్టు ఇచ్చి ఏం చేస్తాం?

ఈ పని ఎలా జరుగుతుందో తెలియనివాళ్ల కోసం కాస్త చెప్తాను. మన ఊళ్లో ఫార్మా కంపెనీలకి రియాక్టర్లు, బాయిలర్లకి డ్రమ్ములు, ప్రెషర్ వెసెల్సూ చేసే ఫ్యాబ్రికేషన్ షెడ్లు బాలానగర్ నుంచి చర్లపల్లి దాకా ఉన్నాయి. వెల్డింగ్ లోపల గాలి బుడగలున్నాయా, పగుళ్లున్నాయా అని చూడ్డానికి గామా కెమెరా తెస్తారు. కెమెరా అంటే ఫొటోలు తీసేది కాదు. బరువైన కవచంలో ఇరిడియం సోర్స్ ఉండే పెట్టె. కేబుల్ హ్యాండిల్ తిప్పితే సోర్స్ ట్యూబులోంచి బయటికెళ్లి జాయింటు దగ్గర ఆగుతుంది, షాట్ అయ్యాక వెనక్కి తిప్పితే పెట్టెలోకి వచ్చేస్తుంది. రావాలి. ట్యూబు నొక్కుకుపోయినా, కనెక్టరు సరిగ్గా పట్టకపోయినా హ్యాండిల్ మామూలుగానే తిరుగుతుంది, సోర్స్ మాత్రం బయటే ఉండిపోతుంది. కంటికి కనపడదు, వాసన రాదు, వేడి తెలియదు. మిగతా వర్కర్లు వెళ్లిపోయాక రాత్రి పూట ఈ పని పెడతారు. అప్పటికి అందరూ అలిసిపోయి ఉంటారు. తెల్లారేసరికి ఫిల్ములు కావాలని పని ఇచ్చిన పార్టీ టెన్షన్ పెడుతుంటుంది.

"సోర్స్ ఇన్ అయిందా అన్నా?" అంటాడు హెల్పరు. "అయింది, పో" అంటాడు హ్యాండిల్ తిప్పినవాడు. ఈ రెండు మాటల మధ్య, అక్కడ రేడియేషన్ ఎంతుందో చూపించే సర్వే మీటరు చేతిలో పట్టుకుని ముందు నడిచే మనిషి ఉండాలి, హెల్పరు జేబులో అరిచే అలారం ఉండాలి. నేను చూసిన ఒక షెడ్డులో సర్వే మీటరు ఉంది, కానీ కెమెరాతో పాటు పెట్టెలోనే ఉంది, బ్యాటరీ లేకుండా. హెల్పరు దగ్గర టీఎల్‌డీ ఉంది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ప్యాంటు వెనక జేబులో పెట్టుకున్నాడు, చెమటకి పాడవకూడదని. సూపర్‌వైజరుకి ఇందులో తప్పేమీ కనిపించలేదు. "బ్యాడ్జి ఉందిగా మేడం" అన్నాడు.

వెనక జేబంటే గుర్తొచ్చింది. 1999లో పెరూలోని యానాంగో అనే చోట జలవిద్యుత్ కేంద్రంలో ఒక వెల్డరు నేల మీద పడి ఉన్న ఇరిడియం సోర్సు తీసుకుని ప్యాంటు వెనక జేబులో వేసుకున్నాడు. అదేమిటో అతనికి తెలియదు. గంటల తరబడి అలాగే తిరిగాడు. చివరికి కాలు తీసేయాల్సి వచ్చింది. అతను రేడియోగ్రాఫరు కాదు, వెల్డరు. మన దగ్గర 2010లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుప సామాన్ల బజారులో కోబాల్ట్-60 బయటపడ్డప్పుడు చనిపోయిన మనిషి కూడా ఏ బ్యాడ్జి లిస్టులోనూ లేడు. కాబట్టి పరికరాలు ఎంతమందికి కొనాలో లెక్కేసేటప్పుడు సర్టిఫికెట్ ఉన్న రేడియోగ్రాఫర్లతో ఆపేయకూడదు. అదే షెడ్డులో ఉండే హెల్పరుకి, వాచ్‌మన్‌కి కూడా వినపడేలా ఒక ఏరియా అలారం పెట్టాలి.

సరే, డోసు ఎక్కువైతే అప్పటికప్పుడే కూసే అలారం డోసిమీటరు కొంటున్నారు. బ్రోషర్లన్నీ అందంగానే ఉంటాయి. నేనైతే ముందు చూసేది ఎక్కువ డోసులో అది ఏం చేస్తుందన్నది. కిరణాల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టే గైగర్ ట్యూబు పరికరాలు కొన్ని మామూలు స్థాయిలో బాగానే పనిచేస్తాయి. సోర్స్‌కి మరీ దగ్గరికి వెళ్లేసరికి ట్యూబు ఉక్కిరిబిక్కిరై, ముల్లు వెనక్కి పడిపోతుంది, ఒక్కోసారి సున్నా దగ్గరికి కూడా. ప్రాణం మీదికొచ్చిన క్షణంలో "ఏం లేదు" అని చెప్పే పరికరం కన్నా అసలు పరికరం లేకపోవడం మేలు. అప్పుడు మనిషి కనీసం భయపడతాడు. హద్దు దాటితే "ఓవర్‌లోడ్" చూపిస్తూ అరుపు ఆపకుండా ఉండాలని కొనుగోలు కాగితంలోనే రాయించండి. సేల్స్ కుర్రాడు నోటితో చెప్పింది లెక్కలోకి రాదు.

తర్వాత శబ్దం. ఆఫీసు బల్ల మీద అది కూస్తే అందరూ ఉలిక్కిపడతారు. గ్రైండర్ నడుస్తున్న షెడ్డులో, చెవుల్లో ఇయర్ ప్లగ్గులు పెట్టుకున్నవాడికి అది వినపడదు. వైబ్రేషన్ ఉండాలి, లైటు ఉండాలి. డెమో షోరూములో వద్దు, షెడ్డులోనే చూపించమనండి. బ్యాటరీ గల్లీ చివర కిరాణా కొట్లో దొరికే ఏఏ సెల్ అయితే మంచిది. ఆర్డరిస్తే పది రోజులకి వచ్చే ప్రత్యేక సెల్ అయితే, ఆ పది రోజులూ కూడా పని ఆగదు, పరికరం మాత్రం సొరుగులో పడుకుంటుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద వేడి ఎంతుంటుందో మనకి తెలిసిందే. పరికరం ఎంత వేడి దాకా పనిచేస్తుందో కాగితంలో ఉంటుంది, అడగండి. కొన్ని మోడళ్లు మొబైల్ ఫోన్ పక్కన పెడితే ఉత్తినే కూస్తాయి. రెండుసార్లు ఉత్త కూత విన్నవాడు మూడోసారి నిజమైన కూతని కూడా ఆఫ్ చేసేస్తాడు. ఐఈసీ 61526 అనే ప్రమాణానికి లోబడి పరీక్షించినదేనా అని అడిగితే ఈ గొడవల్లో చాలా వాటికి ముందే జవాబు దొరుకుతుంది.

ఇంత చెప్పాక, "అయితే ఆ అలారం డోసిమీటర్లే ఆసుపత్రికీ తెప్పించేస్తాం" అనేవాళ్లున్నారు. ఆగండి.

ఇరిడియం గామా కిరణాల శక్తి ఎక్కువ, మూడు నాలుగు వందల కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతంలో ఉంటుంది. క్యాథ్ ల్యాబ్‌లో పేషెంటు ఒంటి మీద పడి చెదిరి డాక్టరు వైపు వచ్చే ఎక్స్‌రే శక్తి అంతకన్నా చాలా తక్కువ. చాలా అలారం పరికరాలకి కింది హద్దు 50 లేదా 60 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. అంతకన్నా తక్కువది వాటికి కనపడదు. షెడ్డులో భేషుగ్గా పనిచేసేది క్యాథ్ ల్యాబ్‌లో సగం గుడ్డిది కావచ్చు. పైగా అక్కడ ఎక్స్‌రే ధారగా రాదు, మిల్లీసెకన్ల పల్స్‌లుగా వస్తుంది. గైగర్ ట్యూబుకి ఒక కిరణాన్ని లెక్కపెట్టాక మళ్లీ సిద్ధం కావడానికి కొంత వ్యవధి కావాలి. ఆ చిన్న పల్స్‌లో వందల కిరణాలు వచ్చి పడినా అది కొన్నిటినే లెక్కపెట్టుకుని కూర్చుంటుంది. రీడింగ్ తక్కువ వస్తుంది, జనం సంతోషిస్తారు. ఆసుపత్రికి ఎలక్ట్రానిక్ డోసిమీటరు కొనేటట్టయితే "తక్కువ శక్తి ఎక్స్‌రేని, పల్స్‌ని చదువుతుందా?" అన్న ఒక్క ప్రశ్నకి కాగితం మీద జవాబు రాకుండా సంతకం పెట్టకండి.

క్యాథ్ ల్యాబ్‌లో చూసుకోవాల్సింది కళ్లూ, చేతులూ. సీసపు ఏప్రన్ వేసుకున్నాక ఛాతీకి చేరేది చాలా కొంచెమే. బ్యాడ్జి ఏప్రన్ లోపల ఉంటుంది కాబట్టి రిపోర్టులో చిన్న అంకె వస్తుంది. ఏప్రన్ పైన ఉన్న తల సంగతి ఆ అంకెకి తెలియదు. కంటి లెన్స్‌కి శుక్లం పట్టే డోసు గురించి ప్రపంచం ఒకప్పుడు చాలా ఉదారంగా లెక్కలేసింది. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 2011లో ఆ లెక్క సరిచేసి, ఏడాదికి 150 మిల్లీసీవర్టులుగా ఉన్న కంటి హద్దుని సగటున 20కి దించమంది. దాదాపు ఎనిమిదో వంతుకి పడిపోయింది. రోజంతా యాంజియోలు చేసే సీనియర్ కార్డియాలజిస్టుకి ఇది చిన్న విషయం కాదు. ఆయనకి అలారం అవసరం లేదు. ఏప్రన్ పైన మెడ దగ్గర రెండో బ్యాడ్జి, వేలికి రింగ్ డోసిమీటరు, సీసపు కళ్లద్దాలు, పైనుంచి వేలాడే సీసపు గ్లాసుని తన వైపు లాక్కునే అలవాటు కావాలి. డబ్బు అక్కడ పెట్టమంటాను. మెడ దగ్గరి బ్యాడ్జి మీద "ఏప్రన్ పైన" అని గుర్తు లేకపోతే రెండూ తారుమారై, లోపలి బ్యాడ్జిలో బయటి అంకె కనిపించి ఎంక్వైరీ మొదలవుతుంది. ఇది ఊహించి చెప్పడం లేదు, ఏటా జరిగేదే.

ఇక అన్నిటికన్నా నన్ను వేధించేది సున్నా రీడింగులు. రిపోర్టు వస్తుంది, వరసగా సున్నాలు. మేనేజ్‌మెంట్ దాన్ని సర్టిఫికెట్‌లా చూపించుకుంటుంది. రోజుకి ఎన్నో కేసులు చేసే ల్యాబ్‌లో టెక్నీషియన్‌కి సున్నా వచ్చిందంటే నాకు ముందు వచ్చే అనుమానం బ్యాడ్జి సొరుగులో ఉందని. ఎందుకు పెట్టుకోలేదమ్మా అని నెమ్మదిగా అడిగితే కాసేపటికి విషయం బయటికొస్తుంది. "రీడింగ్ ఎక్కువొస్తే డ్యూటీ మార్చేస్తారు మేడం, క్యాథ్ ల్యాబ్ అలవెన్సు పోతుంది." కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లకి ఉద్యోగమే పోతుందని భయం. డాక్టర్ల కారణం ఇంకోటి, ఎంక్వైరీ ఫారాలు నింపే ఓపిక లేక. దీనికి తిరగేసిన కేసు కూడా ఉంది. ఏప్రన్‌కి బ్యాడ్జి తగిలించి, ఆ ఏప్రన్‌ని ఎక్స్‌రే రూములోనే స్టాండుకి వేలాడదీసి వెళ్లిపోతారు. మనిషి ఇంట్లో ఉంటాడు, బ్యాడ్జి డోసు తింటూ ఉంటుంది. మూడు నెలలకి ఓవర్ ఎక్స్‌పోజర్ అని ఉత్తరం.

ఇందుకే ఏ పరికరం కొన్నా దాని అంకె మీద శిక్ష వేసే పద్ధతి పెట్టొద్దంటాను. ఎక్కువ అంకె వచ్చినవాడిని పిలిచి "ఏం జరిగింది, గ్లాసు దించుకోలేదా, కేసు పొడుగైందా?" అని అడగాలి. అలవెన్సు కోయకూడదు. అలవెన్సు కోసే ఆసుపత్రిలో ఎంత మంచి డోసిమీటరైనా సొరుగు డోసే కొలుస్తుంది. రిపోర్టు వచ్చిన రోజే ఎవరి అంకె వాళ్లకి చెప్పాలి. మన దగ్గర ఆ కాగితం ఆర్‌ఎస్‌ఓ (రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్) దగ్గర్నుంచి అడ్మిన్ ఫైల్లోకి వెళ్లిపోతుంది. వేసుకున్న మనిషికి తన అంకె తెలియదు. తెలియని అంకె కోసం రోజూ గుర్తుపెట్టుకుని బ్యాడ్జి ఎవరు పెట్టుకుంటారు చెప్పండి?

సొరుగు మాట వచ్చింది కాబట్టి కంట్రోల్ కార్డు గురించి ఒక ముక్క. ప్రతి సంస్థకీ ఎవరూ వేసుకోని ఒక కార్డు వస్తుంది. డ్యూటీ అయ్యాక బ్యాడ్జీలన్నీ దాని పక్కనే, రేడియేషన్ లేని గదిలో పెట్టాలి. మన ఊరే గ్రానైట్ బండల మీద ఉంది, నేలలోంచి వచ్చే సహజ రేడియేషన్ ఎలాగూ ఉంటుంది. కంట్రోల్ కార్డు దాన్ని కొలిస్తే, అందరి లెక్కలోంచి అంత తీసేస్తారు. ఒకచోట ఆ కార్డుని ఎక్స్‌రే గది తలుపు పక్క గోడకి మేకు కొట్టి వేలాడదీశారు, బ్యాడ్జీల స్టాండు అక్కడే ఉంది కాబట్టి. కంట్రోల్‌కే డోసు తగిలితే అందరి రీడింగూ తగ్గిపోతుంది. మళ్లీ సున్నాలే.

కాంట్రాక్టు కుర్రాళ్ల గురించి ఇంకో మాట. బ్యాడ్జి తీసుకున్న ప్రతి మనిషికీ ఒక పర్సనల్ నంబరు ఉంటుంది. అతను ఏ కంపెనీకి మారినా ఆ నంబరే వెంట వెళ్లాలి, జీవితకాలపు డోసు ఒకచోట కూడాలి కాబట్టి. జాతీయ రిజిస్ట్రీ ఉన్నది అందుకే. ఆచరణలో కొత్త కాంట్రాక్టరు పాత నంబరు అడగడు. కుర్రాడు చెప్పడు, అతనికే తెలియదు. కొత్త నంబరు పుడుతుంది, డోసు రెండు పేర్లలోకి చీలిపోతుంది. మీ నంబరు మీ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆధార్ నంబరు గుర్తున్నంత గట్టిగా ఇదీ గుర్తుండాలి.

గర్భిణి అయిన టెక్నీషియన్ విషయంలో మాత్రం ఎలక్ట్రానిక్ డోసిమీటరే కావాలని పట్టుబడతాను. తను గర్భవతినని చెప్పాక మిగిలిన నెలల్లో కడుపులో బిడ్డకి 1 మిల్లీసీవర్టు దాటకూడదు. మూడు నెలలకోసారి చదివే బ్యాడ్జి మీద ఆధారపడితే రెండు రిపోర్టులు వచ్చేసరికి కాన్పు వచ్చేస్తుంది. రోజూ డ్యూటీ దిగేటప్పుడు తనే చూసుకునే అంకె ఉంటే ఆ అమ్మాయికి ధైర్యం, ఆర్‌ఎస్‌ఓకి లెక్క. ఇక్కడ అరుపు అక్కర్లేదు, తక్కువ డోసుని సరిగ్గా చదవడం కావాలి. కానీ ఆసుపత్రులు చేసేది ఏమిటంటే, ఆ అమ్మాయిని ఏకంగా రిసెప్షన్‌లో కూర్చోబెట్టడం. అందుకే చాలామంది ఐదో నెల దాకా చెప్పరు.

మౌలాలి దగ్గర న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ ఉంది కదా, అక్కడెలా అని మా బంధువులే అడుగుతుంటారు. సహజ యురేనియంతో పనిచేసే చోట పెద్ద ప్రశ్న ఊపిరితో లోపలికి వెళ్లే పొడి. దాని ఆల్ఫా కిరణాలు చర్మాన్ని కూడా దాటలేవు, ఛాతీ మీది బ్యాడ్జికి తెలియనే తెలియదు. ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మాత్రం కథ వేరు. అలాంటి పనిలో గాలి శాంపిళ్లు, మూత్ర పరీక్ష చెప్పేది ముఖ్యం, మాస్కు ముఖ్యం. న్యూట్రాన్ సోర్సులతో పనిచేసేవాళ్లకి సీఆర్-39 ప్లాస్టిక్ ముక్క ఉన్న వేరే బ్యాడ్జి ఉంటుంది, మామూలు టీఎల్‌డీ సరిపోదు.

ఆన్‌లైన్‌లో కొన్ని వేలకి వచ్చే పెన్ను సైజు డిటెక్టర్ల గురించి కూడా అడుగుతున్నారు. గేటెడ్ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపుల పుణ్యం. సెల్ టవర్ దగ్గర పెట్టి చూశాం, ఏమీ రాలేదు, చెడిపోయిందా అని ఒకాయన. చెడిపోలేదు బాబూ, టవరు నుంచి వచ్చేది ఆ రకం రేడియేషనే కాదు. వంటింటి గ్రానైట్ మీద పెడితే నాలుగు కూతలు ఎక్కువ కూస్తుంది, దానికి బండలు పీకేయక్కర్లేదు. ఇంట్లో కాలక్షేపానికి పర్వాలేదు. కాలిబ్రేషన్ కాగితం లేని ఆ పెన్నుని రేడియోగ్రఫీ కుర్రాడి జేబులో పెట్టి "అలారం ఇచ్చాం" అంటే మాత్రం నేరం. నేనది చూశాను, అందుకే రాస్తున్నాను.

డబ్బు మాటకొద్దాం. అలారం డోసిమీటరు ఖరీదు టీఎల్‌డీ సర్వీసుకి ఎన్నో రెట్లు. చిన్న కాంట్రాక్టరు ఏడుపులో నిజం లేకపోలేదు. ఒకాయన ఇటీవల అడిగాడు: "మనుషులు పన్నెండు మంది మేడం, అలారాలు నాలుగే కొనగలను. రెండు షిఫ్టుల వాళ్లూ మార్చుకుని వాడొచ్చా?" వాడొచ్చు. ఇంట్లో ఉన్నవాడికి అలారం అక్కర్లేదు, సోర్స్ బయటికి తీసే నలుగురికీ ఉంటే చాలు. ఐదో మనిషి లోపలికి రాకూడదని రూల్ పెట్టుకోమన్నాను. షిఫ్టు మారేటప్పుడు రీడింగ్ పేరుతో సహా పుస్తకంలో రాయాలి, సున్నా చేయాలి, బ్యాటరీ చూడాలి, బటన్ నొక్కి కూత విని మరీ చేతికివ్వాలి. సర్వే మీటరు కూడా అలాగే. టీఎల్‌డీ మాత్రం పన్నెండు మందికీ పన్నెండు ఉండాలి, ఒకరిది ఇంకొకరు ముట్టుకోకూడదు. ఆయన ఒప్పుకున్నాడు. తర్వాత, "ఆ పుస్తకం ఎవరు రాయాలి మేడం?" అన్నాడు. షిఫ్టు దిగేవాడు రాయాలి, ఎక్కేవాడు చూసి సంతకం పెట్టాలి అని చెప్పాను.